సముద్రపు ఒడ్డున పెరుగుతున్న ఊరు: స్థానిక ఎన్నికలకు ముందు ఊరి ప్రాధాన్యాల పత్రం తయారు చేసుకోవడం ఎలా?

అంతర్వేది, ఓడలరేవు, సూరసానియానం, అటు నరసాపురం అవతల పేరుపాలెం. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఈ తీరంలో ఏ ఊరికి వెళ్లినా వరస ఒకటే. 216 జాతీయ రహదారి పుణ్యమా అని ఆదివారం వస్తే బీచ్‌కు కార్లు బారులు తీరుతున్నాయి. వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుల పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. కొబ్బరి తోటల్లో రిసార్టులు కడుతున్నారు. ఊరు పెరగడం మంచిదే. పిల్లలకు ఇక్కడే నాలుగు రాళ్లు దొరికితే కువైట్ వెళ్లడానికి అప్పు చేయాల్సిన పని తప్పుతుంది. కాకపోతే ఊరు పెరిగినంత వేగంగా పంచాయతీ పెరగలేదు. మంచినీళ్ల ట్యాంకు పాతదే, మురుగు కాలువలు పాతవే, ఊడ్చే మనుషులు కూడా ఆ పాత లెక్కే.

2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చిలో పురపాలికలకు ఎన్నికలు జరిగాయి. రాజ్యాంగం ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్లు. ప్రతిసారీ ఎన్నికల్లో అభ్యర్థి ఓటు అడుగుతాడు, మనం సిమెంటు రోడ్డు అడుగుతాం. అక్కడితో మాట అయిపోతుంది. ఈసారి అలా కాకుండా ఊరే ముందుగా కూర్చుని, తనకు ఏది ముందు కావాలో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం మీద అభ్యర్థుల చేత సమాధానం చెప్పించుకోవాలి. అందుకు ఐదారుగురు పూనుకుంటే చాలు. నోటిఫికేషన్‌కు రెండు నెలల ముందు మొదలుపెడితే హడావిడి ఉండదు.

1. ముందు ఓటరు జాబితా

పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అయితే జాబితా మాత్రం అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తీసుకుని వార్డుల వారీగా విడదీస్తారు. అసెంబ్లీ జాబితాలో పేరు లేకపోతే ఇక్కడా ఉండదు. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు, తప్పుల సవరణకు ఫారం 8. పద్దెనిమిదేళ్లు నిండినట్టు లెక్కించే తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1.

పెరుగుతున్న ఊళ్లో మూడు రకాల వాళ్లు జారిపోతుంటారు. కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని ఓటు మాత్రం భీమవరంలోనో రాజమండ్రిలోనో ఉంచుకున్నవాళ్లు, ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు, ఇంటి నంబరు లేని గుడిసెల్లో ఉండే వేటగాళ్ల కుటుంబాలు. ముసాయిదా జాబితా పంచాయతీ ఆఫీసులో పెట్టినప్పుడు వార్డుకు ఇద్దరు చొప్పున కూర్చుని వీధి వీధీ సరిచూడండి. ఒక సాయంత్రం పని.

2. ఏ పని ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తి చేయిస్తానని ఏ సర్పంచ్ అభ్యర్థి అన్నా ఆ మాట పక్కన పెట్టేయండి. అది ఢిల్లీ పని. మాట ఇచ్చినవాడి చేతిలో లేని పనిని పత్రంలో రాసుకుంటే ఐదేళ్ల తర్వాత నిలదీయడానికి ఏమీ మిగలదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు 29 అంశాలు రాసింది. ఆచరణలో పంచాయతీ సొంతంగా చేయగలిగినవి ఇవి: వీధి మురుగు కాలువలు, వీధి దీపాలు, చెత్త సేకరణ, ఊరి కుళాయిలు, అంతర్గత రోడ్లు, శ్మశానం, సంత, ఇంటి ప్లాన్ల అనుమతి, ఇంటి పన్ను. మంచినీటి పథకాల డిజైను గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. మేజర్, మీడియం డ్రెయిన్లు, వాటి చివర సముద్రం దగ్గరుండే స్లూయిజులు (నీటిని ఆపి వదిలే తలుపులున్న కట్టడాలు) జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానివి. రొయ్యల చెరువుల లైసెన్సులు మత్స్యశాఖ చూస్తుంది. మడ అడవులు అటవీశాఖవి. పోరంబోకు ఆక్రమణలకు తహసీల్దారు దగ్గరికి వెళ్లాలి. పెద్ద లేఅవుట్ల అనుమతి పట్టణాభివృద్ధి సంస్థ ఇస్తుంది. కోనసీమలో అది అమలాపురం పట్టణాభివృద్ధి సంస్థ.

అలాగని సర్పంచ్‌కు తన చేతిలో లేని పనుల మీద ఏ బలమూ లేదనుకోకండి. పంచాయతీ తీర్మానం చిన్న కాగితమే గానీ దానికి విలువుంది. తీర్మానం నంబరు, తేదీ ఉంటే ఎంపీటీసీ దాన్ని మండల సర్వసభ్య సమావేశంలో ఎత్తవచ్చు, జెడ్పీటీసీ జిల్లా పరిషత్‌లో అడగవచ్చు. కాలువలు ఎప్పుడు కట్టేయాలో, అంటే వాటికి నీళ్లు ఎప్పుడు ఆపాలో, జిల్లా నీటిపారుదల సలహా మండలిలో తేలుస్తారు. అక్కడికి మన ఊరి మాట వెళ్లేదీ ఇలాంటి కాగితాలతోనే. అందుకే పత్రంలో రెండు భాగాలు పెట్టుకోండి: ‘పంచాయతీ స్వయంగా చేయాల్సినవి’, ‘పంచాయతీ తీర్మానం చేసి వెంటపడాల్సినవి’.

యానాం మన మధ్యే ఉన్నా పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడి చట్టాలు వేరు. ఇక్కడ రాసినవన్నీ ఆంధ్రప్రదేశ్ పరిధిలోని ఊళ్లకే.

3. పంచాయతీ జేబులో ఎంతుంది?

పంచాయతీ సొంత రాబడి ఇంటి పన్ను, కుళాయి రుసుము, ప్లాన్ ఫీజులు, లేఅవుట్ ఫీజులు, సంత ఆశీలు, చేపల చెరువుల వేలం, పంచాయతీ స్థలాల్లోని కొబ్బరి చెట్ల పాట, భూముల రిజిస్ట్రేషన్ మీద వచ్చే వాటా. ప్లాట్లు అమ్ముడవుతున్న ఊళ్లో ఆ చివరిది చిన్న మొత్తం కాదు.

కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021–26లో, ఈ నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చారు. ఈ లెక్క తెలిస్తే ‘గ్రాంటుతో బీచ్ రోడ్డుకు ఆర్చి కట్టిస్తా’ అనే మాటకు అక్కడికక్కడే జవాబు చెప్పవచ్చు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. తాజా షరతుల కాపీ పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకోండి.

గడిచిన మూడేళ్లలో మీ పంచాయతీ ఏ పనికి ప్రణాళిక వేసింది, ఎంత ఖర్చు పెట్టింది అనేది ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో కనిపిస్తుంది. అక్కడ దొరకని వివరాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాబట్టి ఈ పని మొదటి వారంలోనే చేసేయండి. అడగాల్సినవి నాలుగు: మూడేళ్ల జమాఖర్చు, పన్ను బకాయిల జాబితా, వీధి దీపాలకూ మోటార్లకూ కరెంటు బిల్లు, రిసార్టులకు వేసిన ఇంటి పన్ను. కరెంటు బిల్లే రాబడిలో ఎంత తినేస్తోందో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

4. నీళ్ల వెంట నడవండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. డెల్టా చివరి ఊళ్లో సగం సమస్యలు నీటివే. మంచినీళ్లు చాలవు, మురుగునీరు పోదు, ఉప్పునీరు ఆగదు.

మురుగుతో మొదలుపెట్టండి. కొత్త లేఅవుట్‌లోని సైడు కాలువ దగ్గర బయల్దేరి, ఆ నీళ్లు ఏ బోదెలో (చిన్న కాలువలో) పడుతున్నాయి, ఆ బోదె ఏ మైనర్ డ్రెయిన్‌లో కలుస్తోంది, అది మీడియంలోకి, మేజర్‌లోకి ఎలా వెళ్తోంది, ఆఖరికి స్లూయిజు దాటి సముద్రంలోకి ఎక్కడ పడుతోంది అని కాలినడకన చూడండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుకుని ప్రతి అడ్డంకినీ ఫొటో తీయండి. పూడిపోయిన తూము, డ్రెయిన్ గట్టు మీదికి జరిగిన చెరువు గట్టు, చేపల కోసం అడ్డంగా కట్టిన వలలు, అటునుంచి ఇటు నడిచి వెళ్లేంత మందంగా అల్లుకున్న గుర్రపుడెక్క. మ్యాపు మీద వీటికి ఎర్ర చుక్కలు పెడితే, ఊరు ఎందుకు మునుగుతోందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

స్లూయిజు దగ్గరికి పౌర్ణమికో అమావాస్యకో పోటు వేళ వెళ్లండి. ఇక్కడి నేల సముద్ర మట్టానికి కొద్దిగానే ఎత్తు. డ్రెయిన్ నీళ్లు ఆటు వేళే సముద్రంలోకి దిగుతాయి. పోటు వేళ తలుపులు మూసుకుని సముద్రాన్ని ఆపాలి, ఆటు మొదలవగానే తెరుచుకుని మురుగును వదలాలి. తలుపు తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోతే రెండు పనులూ చెడతాయి. మురుగు బయటికి పోదు, పోటు నీరు చేలల్లోకి ఎగదన్నుతుంది. మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరి చెట్లు తలలు రాలి మోడులవడానికి కారణం ఇలా ఎగదన్నిన సముద్రపు నీరే. 2011లో కోనసీమ రైతులు సాగు సమ్మె చేసి పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల గోడులో గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల మాట కూడా ఉంది. ఆ మాట ఇంకా తీరలేదు.

తర్వాత మంచినీళ్లు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే టీడీఎస్ మీటర్ వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో అది చూపిస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నాలుగు చోట్ల కొలవండి: ఊరి ట్యాంకు దగ్గర, చిట్టచివరి వీధి కుళాయిలో, ఊరి నడిమధ్య బోరులో, రొయ్యల చెరువుకు దగ్గరున్న బోరులో. ఒక నోటు పుస్తకంలో చోటు, తేదీ, అంకె రాయండి. కాలువలు కట్టేసిన మే నెలలో ఒకసారి, వానల తర్వాత అక్టోబరులో ఒకసారి కొలిస్తే తేడా కళ్లకు కడుతుంది. ఉప్పు సంగతే ఈ మీటర్ చెబుతుంది, క్రిములున్నాయో లేదో చెప్పదు. క్రిముల పరీక్షకు నమూనా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు పంపాలి.

తీరం దగ్గర ఇసుక నేలలో వాననీరు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరలా నిలుస్తుంది. ఊరి బావులు బతికేది ఆ పొర మీదే. పెద్ద మోటార్లు పెట్టి ఆ పొరను లాగేస్తే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి లేస్తుంది. ఆ బావి నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఎప్పటికీ మారవు. బోర్లకు లెక్కాపత్రం ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. మీ ఊళ్లో రిసార్టులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల చెరువులు ఎన్ని బోర్లు వేశాయో ఆ లెక్క పంచాయతీ దగ్గర ఉందో లేదో అడగండి.

వేసవి చెరువును కూడా చూడండి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరు తాగేది ఆ చెరువు నీళ్లే. పూడిక ఎంతుంది, గట్టు ఎక్కడ కోసుకుపోయింది, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున (జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క ఇదే) ఇప్పటి జనాభాకు ఎన్ని రోజులు సరిపోతుంది అని లెక్కవేయండి. శని, ఆదివారాల్లో వచ్చే పర్యాటకులను కూడా కలపాలి. వాళ్లు స్నానం చేసేదీ ఈ నీళ్లతోనే.

5. అందరినీ అడగండి

రామాలయం అరుగు మీద మీటింగు పెడితే కొందరు రారు. ఒక పెద్దాయన ఇంటి వరండాలో పెడితే ఇంకొందరు రారు. బడి ఆవరణ మేలు. అదీ చాలదు. పల్లెపాలెంలో ఒకటి, దళితపేటలో ఒకటి, కొత్త లేఅవుట్‌లో ఒకటి విడిగా పెట్టండి. ఊరు మొత్తం ఒకచోట కూర్చుంటే గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే వినిపిస్తుంది.

వేటకు వెళ్లేవాళ్లను ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలంలో పట్టుకోవడం తేలిక. మిగతా రోజుల్లో పడవలు ఒడ్డుకు చేరే వేళ తెలుసుకుని అప్పుడు వెళ్లాలి. ఒడ్డు ఎంత కోసుకుపోయింది, వలలు ఆరబెట్టే చోటు ఎవరు కంచె వేసుకున్నారు, పడవలు లాగే దారి ఎక్కడ మూసుకుపోయింది అనేది వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నీళ్ల సంగతి ఆడవాళ్లకు బాగా తెలుసు. పొదుపు సంఘాల మీటింగుకు మీరే వెళ్లండి, వాళ్లను మీ మీటింగుకు పిలవకండి. చెరువుల దగ్గర షెడ్లలో ఉండే కూలీలకు ఇక్కడ ఓటు ఉండకపోవచ్చు. అయినా వాళ్ల మాట రాసుకోండి. వాళ్లకు మరుగుదొడ్డి లేకపోతే ఆ ఇబ్బంది ఊరందరిదీ.

అందరి మాటా లెక్కలోకి రావడానికి చింతపిక్కల పద్ధతి ఉంది. సమస్యలను బొమ్మలుగా గీసి నేల మీద పరవండి. ఒక్కొక్కరికి ఐదు పిక్కలివ్వండి. ఏది ముఖ్యమనుకుంటే దాని మీద వేస్తారు, కావాలంటే ఐదూ ఒకదాని మీదే వేస్తారు. చదువు రానివాళ్లు కూడా సమానంగా పాల్గొంటారు, అత్తగారు పక్కనుంటే నోరు విప్పని కోడలు కూడా పిక్క వేస్తుంది. ఆడవాళ్లవి, మగవాళ్లవి విడిగా లెక్కపెట్టండి. ఆ తేడా చూసి ఊరే చర్చ మొదలుపెడుతుంది.

6. వరుస పెట్టండి: తర్వాత సరిచేయలేనివి ముందు

పిక్కల లెక్కలో రోడ్డుకే ఎక్కువ రావచ్చు. అయినా తుది వరుసను ఆ ఒక్క లెక్కతోనే తేల్చకండి. ఊరు నెమ్మదిగా పెరుగుతుంటే ఏది ముందు చేసినా సర్దుకుంటుంది. వేగంగా పెరిగే తీర ఊళ్లో అలా కుదరదు. రోడ్డు ఈ ఏడాది వేయకపోతే వచ్చే ఏడాది వేయవచ్చు. డ్రెయిన్ పోరంబోకు మీద మూడంతస్తులు లేచాక వచ్చే ఏడాది ఏమీ చేయలేం. కాబట్టి ప్రతి సమస్యకూ ఒక ప్రశ్న వేయండి: ఐదేళ్లు వదిలేస్తే దీన్ని మళ్లీ బాగుచేయగలమా? ‘లేదు’ అని జవాబు వచ్చినవన్నీ పైకి రావాలి.

ప్రాణాలకు సంబంధించినవి అన్నిటికంటే పైన. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర, 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. తుపాను షెల్టరు ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. తాళం ఎవరి దగ్గరుంది, రాత్రి రెండు గంటలకు ఆ మనిషి ఫోను ఎత్తుతాడా, మరుగుదొడ్డిలో నీళ్లున్నాయా, జనరేటర్ ఆఖరిసారి ఎప్పుడు నడిపారు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు మెట్లెక్కగలరా, ఇప్పటి జనాభాలో సగమైనా అందులో పడతారా అని అడగాలి. నది ఒడ్డు ఊళ్లకు వరద కూడా తోడవుతుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఏ హెచ్చరికకు ఏ వీధి ఖాళీ చేయాలి అన్నది మీ ఊళ్లో ఎక్కడైనా రాసి ఉందా? బీచ్ ఉన్న ఊళ్లో నదీ ముఖద్వారం దగ్గర హెచ్చరిక బోర్డులు, పండగ రోజుల్లో గజ ఈతగాళ్లు కూడా ఈ వరుసలోకే వస్తారు. ఆటు వేళ అక్కడ నీరు మనిషిని లోపలికి లాగేస్తుంది, బయటి ఊరి కుర్రాళ్లకు ఆ సంగతి తెలియదు.

దాని కింద మళ్లీ తెచ్చుకోలేనివి. నా దృష్టిలో అవి నాలుగు.

డ్రెయిన్లు, బోదెలు, చెరువుల హద్దులు సర్వే చేయించి రాళ్లు పాతించడం మొదటిది. ఖర్చు తక్కువ, ఫలితం తరాల పాటు ఉంటుంది.

రెండోది ఒడ్డున ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, మడ. ఉప్పెనకు మొదట ఎదురు నిలిచేది ఇవే. 2019 నాటి తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో అత్యధిక పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది దాటిన చోట్ల ఇది 50 మీటర్లు. మీ ఊరు ఏ కోవలోకి వస్తుందో, ఆ రేఖ మ్యాపులో ఎక్కడుందో కనుక్కుని పంచాయతీ గోడ మీద పెట్టించండి. ఈ రేఖ పేరు చెప్పి తరతరాలుగా ఉంటున్న వేటగాళ్ల ఇళ్ల జోలికి వెళ్లడం, పక్కనే లేచే రిసార్టును చూడనట్టు ఉండటం అన్యాయం. పత్రంలో ఆ మాట స్పష్టంగా రాయండి.

భూగర్భ జలం మూడోది, దాని సంగతి పైన చెప్పుకున్నాం.

నాలుగోది ఉమ్మడి స్థలం. 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం స్థలంలో 10 శాతం ఖాళీగా వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్‌గా స్థానిక సంస్థకు రాసివ్వాలి. బ్రోచరులో పార్కు అని ఆకుపచ్చగా చూపించి, తర్వాత దాన్నే ప్లాట్లు చేసి అమ్మేసిన సంగతులు అందరం విన్నాం. మీ పంచాయతీ పేరిట ఎన్ని గిఫ్ట్ డీడ్లు రిజిస్టర్ అయ్యాయో జాబితా తీయించండి. రేపు అంగన్‌వాడీకైనా చెత్త షెడ్డుకైనా ఊరికి మిగిలేది ఆ స్థలమే.

రోడ్లు, దీపాలు, పార్కులు మూడో వరుసలో. ‘రోడ్డు ముందు వేస్తే నష్టమేంటి?’ అని ఎవరైనా అడుగుతారు. డ్రెయిన్ లేకుండా రోడ్డు వేస్తే, తర్వాత పైపు కోసం దాన్నే పగలగొట్టాలి. పైగా పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తై, పక్కన పాత ఇళ్లు పల్లమై, వాన నీళ్లు గడప దాటి లోపలికి వస్తాయి. మీ వీధిలోనే అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది, వెళ్లి చూపించండి.

7. ఒక్క పేజీలో రాయండి

ఏడు అంశాలకు మించొద్దు. ముప్పై రాస్తే అభ్యర్థి తనకు నచ్చిన నాలుగు ఏరుకుంటాడు. ప్రతి అంశంలో చోటు, పని, ఎవరు చేయాలి, డబ్బు ఎక్కడిది, ఎప్పటిలోగా అన్న ఐదూ ఉండాలి.

‘డ్రైనేజీ సమస్యను పరిష్కరించాలి’ అని రాస్తే ఎవరైనా తలూపుతారు. ఇలా రాయండి: ‘పల్లెపాలెం వంతెన నుంచి స్లూయిజు దాకా మీడియం డ్రెయిన్‌లో మేము గుర్తించిన పదకొండు అడ్డంకుల జాబితా జతచేశాం. ప్రమాణ స్వీకారం తర్వాత జరిగే రెండో సమావేశంలోపు పంచాయతీ తీర్మానం చేసి డ్రైనేజీ విభాగం ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు), తహసీల్దారుకు పంపాలి. ఊరి పరిధిలోని నాలుగు తూముల పూడికను ఆర్థిక సంఘం పారిశుద్ధ్య నిధులతో జూన్ లోపు తీయించాలి. స్లూయిజు తలుపు మరమ్మతు గురించి ప్రతి గ్రామసభలో ప్రగతి చెప్పాలి.’ దీనికి తలూపితే చాలదు, అవునో కాదో చెప్పాలి.

8. అభ్యర్థుల ముందు పెట్టండి

సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు పార్టీల పేరుతో జరుగుతాయి. మీది నరసాపురం లాంటి పురపాలిక అయితే మీరు ఎన్నుకునేది కౌన్సిలర్‌ను, ఛైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. కాబట్టి ఎవరికి ఏ పని చేతిలో ఉందో దాన్ని బట్టి పత్రం కాపీలు వేరుగా చేయండి. ఎంపీటీసీ అభ్యర్థికి తీర్మానాల భాగం ముఖ్యం.

ముఖాముఖి సమావేశానికి స్థానిక పోలీసుల, ఎన్నికల అధికారుల అనుమతి ముందే తీసుకోండి. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు మైకు పెట్టాలన్నా అనుమతి కావాలి. అభ్యర్థులందరినీ పిలవండి, ఒక్కరిని కూడా వదలకండి. ప్రతి ఒక్కరికీ ఒకే సమయం, ఒకే ప్రశ్నలు. ‘మొదటి ఆరు నెలల్లో ఏది? ఏ నిధితో? ఎవరైనా అడ్డుపడితే ఏం చేస్తారు?’ అని అడగండి. చెరువుల యజమానులు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఊరికి కొత్తవాళ్లేమీ కారు, అభ్యర్థికి బంధువులో స్నేహితులో అయి ఉంటారు. ఆ మూడో ప్రశ్న అందుకే.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. అభ్యర్థి మహిళ అయితే సమాధానం ఆవిడే చెప్పాలి. భర్తకో మరిదికో మైకు ఇవ్వకండి. ‘మా ఆవిడకు ఇవన్నీ తెలియవండి’ అంటే, ముందుగానే పత్రం ఆవిడ చేతికిచ్చి, వారం తర్వాత మళ్లీ పిలవండి. పొదుపు సంఘాల్లో లక్షల లెక్కలు చూసుకునే ఆడవాళ్లున్న ఊళ్లో ఈ సాకు చెల్లదు.

ఏకగ్రీవం మాట వస్తే తొందరపడొద్దు. ఊరు నిజంగా ఒక్క మాట మీద ఉంటే మంచిదే. నలుగురు పెద్దలు కూర్చుని గుడికి ఇంత, ఊరికి ఇంత అని పదవిని పాట పెడితే మాత్రం, ఊరు ప్రశ్న అడిగే హక్కు అమ్ముకున్నట్టే. ఓటుకు డబ్బు పంచడం కూడా అంతే, అది నేరం. ఆ డబ్బు తిరిగి రాబట్టుకునేది లేఅవుట్ సంతకాల్లోనే.

జవాబులను అక్కడే పత్రం మీద రాసి, అభ్యర్థి సంతకం తీసుకోండి. సంతకానికి నిరాకరించినా ఆ మాట రాయండి. పోలింగుకు ముందు బడి గోడ దగ్గరో రచ్చబండ దగ్గరో అంటించాలనుకుంటే, నియమావళి ఒప్పుకుంటుందో లేదో ముందు అధికారిని అడగండి.

9. నగర పంచాయతీ చేస్తామంటే?

పెరిగే ఊళ్లలో ఈ వాగ్దానం తప్పకుండా వస్తుంది. పట్టణ హోదాతో సిబ్బంది, నిధులు పెరిగే అవకాశముంది. పన్నులూ పెరుగుతాయి, ఉపాధి హామీ లాంటి గ్రామీణ పథకాలు దూరమవుతాయి. పల్లెపాలెం, దళితపేట కుటుంబాలకు ఆ పనిదినాలు ఎంత ముఖ్యమో వాళ్లనే అడిగి తేల్చుకోండి. గ్రామసభలో పూర్తి చర్చ లేకుండా ఈ నిర్ణయానికి ఒప్పుకోమని పత్రంలో ఒక వాక్యం ఉండాలి.

10. గెలిచాక

ఎవరు గెలిచినా పత్రం గెలిచినవాళ్లకు మళ్లీ ఇవ్వండి, ఓడినవాళ్లకు కూడా. ఓడిన అభ్యర్థి ఊళ్లోనే ఉంటాడు, గ్రామసభలో అడిగే గొంతు అవుతాడు.

పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రక్రియ ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది. మీ ఏడు అంశాలు ఆ ప్రణాళికలోకి ఎక్కకపోతే వాటికి డబ్బు రాదు. గ్రామసభకు వార్డుకు పదిమందైనా వెళ్లేలా చూడండి. తీర్మానం పుస్తకంలో అంశం రాసిన తర్వాతే సంతకం పెట్టండి, ఖాళీ పేజీ మీద పెట్టకండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు మీ ఊళ్లో ఏం తీర్మానించారో, అందులో ఏవి పూర్తయ్యాయో కాపీ తీసుకుంటే కొత్త సర్పంచ్‌తో మొదటి సంభాషణకు అదే సరైన కాగితం. ప్రణాళిక ఈ-గ్రామ్‌స్వరాజ్‌లోకి ఎక్కాక మీరు రాసినదీ అక్కడున్నదీ పక్కపక్కన పెట్టి చూడండి, అంకెలు కూడా.

టీడీఎస్ నోటు పుస్తకం ఆపొద్దు, హైస్కూలు పిల్లలకు అప్పజెప్పండి. కాలువలు ఏప్రిల్‌లో కట్టేస్తారు కాబట్టి, మార్చి మొదటి వారంలోనే ఇద్దరు వెళ్లి వేసవి చెరువులోకి నీళ్లు ఎక్కిస్తున్నారో లేదో చూసి, మట్టం ఫొటో తీసి సర్పంచ్‌కు, కార్యదర్శికి పంపండి.